ఎడమ చేతి వైపు సముద్రం



అనకాపల్లి నుంచి తుని వైపు వెళ్లే జాతీయ రహదారి మీద రాత్రనక పగలనక బళ్లు పోతూనే ఉంటాయి. ఒకప్పుడు దాన్ని 5వ నంబరు రోడ్డు అనేవాళ్లం, ఇప్పుడు 16వ నంబరు. ఆ దారిలో ఎడమ చేతి వైపు, మలుపు తిరిగితే చాలు చేరుకోగలిగినంత దగ్గర్లో సముద్రం ఉంది. రోడ్డు మీంచి మాత్రం ఒక్క అల కనబడదు. కొండలు, జీడితోటలు, సరుగుడు తోపులు, దాబాలు, పెట్రోలు బంకులు, అంతే. విశాఖపట్నంలో కారెక్కి చెన్నైలో దిగినవాళ్లు కోస్తా అంతా చుట్టేశామంటారు. వాళ్లు కోస్తా జిల్లాలు దాటారు. తీరాన్ని చూడలేదు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన తీరాన్ని చూడాలంటే ఎక్కడికక్కడ హైవే దిగాలి. దిగాక ఎదురయ్యే దారులకి చిన్న కారుని మించిన బండి లేదు. మా ఊరు ఎస్. రాయవరం నుంచి బయల్దేరి, దక్షిణంగా పులికాట్ సరస్సు దాకా, ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణాన్ని చిన్న కారులో చేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని మనం బళ్లో చదువుకున్నాం. ఈమధ్య కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం తీరాన్ని మళ్లీ కొలిపించింది. మన రాష్ట్రం లెక్క 1,053 కిలోమీటర్లకు పెరిగింది. దేశం మొత్తం లెక్క 7,516 నుంచి 11,098 దాకా వెళ్లింది. కొత్తగా నేలేమీ పుట్టలేదు. పాత కొలతలో వదిలేసిన వంపులు, నదీముఖాలు, చిన్న చిన్న మలుపులు ఇప్పుడు లెక్కలోకొచ్చాయి. ప్రయాణంలోనూ అంతే. హైవే మీద పోయేవాడికి కోస్తా ఒక్క రోజు. మలుపు మలుపుకీ దిగేవాడికి వారం చాలదు.

ఈ దారిన మనకంటే ముందు నడిచినవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారాయన. తిరుగు ప్రయాణం పూరీ, గంజాం మీదుగా మన ఉత్తరాంధ్ర దాటి కోస్తా వెంబడే సాగింది. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. ఆయన చనిపోయాక 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో, ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ అంగళ్లున్నాయో, ఎక్కడ దిగడానికి వసతి ఉందో ఓపిగ్గా రాసిపెట్టారు. తన వెనక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదన్న తపన అది. తెలుగులో దూరప్రయాణం గురించి రాసేవాళ్లందరికీ ఆయనే పెద్దదిక్కు.

ఆ యాత్ర ముగిసిన ముప్పై ఒక్క ఏళ్లకి, 1862 సెప్టెంబరు 21న, మా ఎస్. రాయవరంలో మేనమామగారింట గురజాడ అప్పారావుగారు పుట్టారు. అప్పటికి మా వైపు రైలు లేదు. బెజవాడ నుంచి కటకం దాకా రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య తెరుచుకుంది. అంతకుముందు ఊరు దాటాలంటే ఎడ్లబండి, పల్లకీ, లేదా పడవ. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలవల మీద పడవలో వెళ్లే దారి ఉండేది. దాని దక్షిణ భాగమే బకింగ్‌హామ్ కాలువ. 1876-78 నాటి పెద్ద కరువులో, తిండిలేని జనం కూలికొచ్చి తవ్విన ముక్క కూడా అందులో ఉంది. ఆ కాలవ ఇవాళ చాలాచోట్ల గుర్రపుడెక్కతో పూడిపోయి ఉంటుంది. దాని వంతెన మీద కారాపి కిందికి చూసినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

ఇక కారు సంగతి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. అప్పటి ధర 50 వేల రూపాయల లోపే. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది గానీ, మన ఊళ్లలో ఆ బండి ఇంకా తిరుగుతూనే ఉంది. తర్వాతి కాలపు చిన్న కార్లన్నీ దాని తోబుట్టువులే. నేను దాన్ని మెచ్చుకునేది దాని వెడల్పు చూసి. 1.44 మీటర్లు. పల్లెటూరి రోడ్ల తారు వెడల్పు చాలాచోట్ల 3 నుంచి 3.75 మీటర్లుంటుంది. రెండు చిన్న కార్లు ఎదురైతే కాస్త సర్దుకుని తప్పుకుంటాయి. రెండు పెద్ద బళ్లు ఎదురైతే ఒకటి మార్జిన్‌లోకి దిగాల్సిందే, కోనసీమలో మార్జిన్ అంటే పంటకాలవ. బెస్తపాలేల్లో ఇంటికీ ఇంటికీ మధ్య సిమెంటు రోడ్డు మీద అరుగులు, నీళ్ల బిందెలు, ఆడుకునే పిల్లలు ఉంటారు. అక్కడ పెద్ద బండి వస్తే అందరూ లేచి జరగాలి. చిన్న బండి వస్తే లేవక్కర్లేదు. వాళ్లు లేవక్కర్లేకుండా మనం వెళ్లి రాగలగడం నాకు చాలా ముఖ్యం.

బయల్దేరదాం. అడ్డరోడ్డు దగ్గర హైవే వదిలి, ఎస్. రాయవరం మీదుగా ముందుకెళ్తే రేవు పోలవరం. కొండ, గుడి, దాని కింద ఇసుక, ఇసుక మీద వరసగా ఫైబరు బోట్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. ఆ రోజుల్లో వెళ్తే వలలన్నీ ఒడ్డునే, చాలాసార్లు రోడ్డు మీదే ఉంటాయి. ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి బిగువుగా లాగిపట్టుకుని, దారం చుట్టిన చిన్న పుల్లతో ముడి మీద ముడి వేస్తూ కూర్చున్నాడు. కళ్లు వల మీద లేవు, మాతో మాట్లాడుతున్నాడు. చెయ్యి మాత్రం ఒక్క కన్ను తప్పట్లేదు. నేను కారు దిగి, “దారి ఇటేనా తాతా?” అని అడిగితే, “ఇటే బాబూ, వల మీదకి సెక్రం ఎక్కించకు, పక్కనుంచి పో” అన్నాడు. టైరు కింద నలిగిన వల బయటికి బాగానే కనిపిస్తుంది. నీళ్లలోకెళ్లి బరువు పడ్డాక తెగుతుంది. అందుకే తీరం ఊళ్లలో వల ఆరేసి ఉంటే బండి ఆపి అడగాలి. వాళ్లే వచ్చి పక్కకి లాగి దారిస్తారు. గోదావరి జిల్లాల్లో కోతల తర్వాత రోడ్డు మీద ధాన్యం ఆరబోసినా ఇదే మర్యాద.

అక్కడి నుంచి నక్కపల్లి. ఈ మండలంలోనే బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. వేటకెళ్లే ఊళ్లు, మందుల ఫ్యాక్టరీలు పక్కపక్కనే బతకాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. ఉద్యోగాలు రావాలి, కాదనను. ఆ సముద్రంలో చేప కూడా ఉండాలి. ఈ తీరాన్ని ఇప్పుడున్నట్టుగా చూడాలనుకునేవాళ్లు వాయిదా వేసుకోకండి.

పాయకరావుపేట, తుని మధ్య తాండవ నది. అది పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. తుని దాటాక మళ్లీ హైవే వదిలేయండి. తొండంగి మండలం మీదుగా దానవాయిపేట, కోనపాపపేట, ఉప్పాడ. దారి పొడుగునా రొయ్యపిల్లల హేచరీలు. ఆ తర్వాత ఉప్పాడ నుంచి కాకినాడ దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే రోడ్డు. మన రాష్ట్రంలో ఇంత అందమైన రోడ్డు, ఇంత దిగులు పుట్టించే రోడ్డు ఇంకొకటి నాకు తెలీదు. ఏళ్ల తరబడి సముద్రం ఆ ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, కొబ్బరితోటలు పోయాయి. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల సంచులు అడ్డం వేశారు. తుపాను వచ్చిన ప్రతిసారీ రోడ్డు లేచిపోతుంది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటినప్పుడూ ఉప్పాడ జనం కంటిమీద కునుకు లేకుండా గడిపారు.

కారణాలు చాలా ఉన్నాయి. కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్లలో పెరిగి, దాదాపు 16 కిలోమీటర్ల పొడవైంది. కాకినాడ రేవుకి అది పెట్టని కోట. ఆ దిబ్బ ఉత్తరంగా పెరిగేకొద్దీ అలల వాలు మారి ఉప్పాడ మీద కోత ఎక్కువైందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆనకట్టల వెనక ఇసుక ఆగిపోవడమూ తీరానికి దెబ్బే. ఒక ఊరికి గొడుగు పట్టిన దిబ్బ పక్క ఊరికి శాపమైంది. ఆ రోడ్డెక్కే ముందు ఎవరినైనా అడగండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు వేళ అలలు రోడ్డు దాటి వస్తాయి, తడిసిన రాళ్లు కూడా రోడ్డు మీదకి దొర్లుతాయి. చిన్న కారుకి ఆ నీటితో పోటీ వద్దు, పిఠాపురం మీదుగా పోవచ్చు.

అంత కోతలోనూ ఉప్పాడ మగ్గాలు ఆగలేదు. జాందానీ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరకి రెండు వైపులా బుటా ఒకేలా, పోగులు వేలాడకుండా ఉంటుంది. ఒక్కో పువ్వుకీ విడిగా పోగు పెట్టి చేత్తో నేస్తే తప్ప ఆ పని రాదు. మగ్గం గుంట పక్కన కాసేపు కూర్చుంటే, ఒక మామిడి పిందె పూర్తవడానికి ఎంత ఓర్పు కావాలో కళ్లారా చూడొచ్చు.

కాకినాడ, కోరంగి మడ అడవి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడ పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు మన రాష్ట్రం కంటే చవక. దూరం వెళ్లేవాళ్లెవరూ యానాంలో ట్యాంకు నింపకుండా కదలరు, మీరూ నింపుకోండి. అక్కడి నుంచి గోదావరి పాయలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగిగారి పేరు పెట్టిన వారధి. అమలాపురం దాటాక బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వైనతేయ. ఆ పాశర్లపూడిలోనే 1995 జనవరి 8న గ్యాసు బావి పేలి, రెండు నెలల పైన మంటలు ఆరలేదు. రాత్రుళ్లు చుట్టుపక్కల ఊళ్లకి ఆ వెలుగు కనబడేది. ఇక దిండి, చించినాడ మధ్య వశిష్ఠ. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా దాదాపు 390 కిలోమీటర్లు సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఈ పాయలన్నిటినీ దాటుకుంటూ పోతుంది.

వంతెనలు వచ్చాక దారి సుళువైంది. అయినా చించినాడ వంతెన దాకా వెళ్లకుండా సఖినేటిపల్లి రేవుకి తిరగమంటాను. బళ్లని కూడా నది దాటించి నరసాపురం చేర్చే పంటు అక్కడే ఎక్కాలి. రేవులో వాలుగా దిగే గట్టు, బురద, పంటు అంచుకీ గట్టుకీ మధ్య బల్లలు. ముందు మనుషులు, మోటారు సైకిళ్లు, తర్వాత కార్లు. పంటు మనిషి ఎదురుగా నిలబడి చేత్తో సైగ చేస్తూ పిలుస్తాడు. “రండి రండి, కుడికి కొయ్యండి, చాలండి. హ్యాండు బ్రేకు లాగెయ్యండి, గేర్లో ఉంచండి, అందరూ దిగిపోండి బాబూ” అన్నాడు. టైర్ల కింద రెండు చెక్క దిమ్మలు తనే తోశాడు. “నీటి మీద భయమేమన్నా ఉందాండీ? చిన్న బండే కదండీ, పంటుకి తెలియనే తెలీదండీ” అని మా ఆవిడకి ధైర్యం చెప్పాడు. ఇంజను మొదలవగానే గట్టు వెనక్కి జరుగుతుంది. నది మధ్యలోకి వచ్చాక ఎడమ వైపు అంతర్వేది దిక్కున నీళ్లు తెల్లగా, కుడి వైపు పైనుంచి వచ్చేవి మట్టిరంగులో కనిపించాయి. తలుపులు తెరిచి కారు పక్కనే నిలబడ్డాం. ఒకావిడ తట్టలో ములక్కాడలు, ఒక కుర్రాడి చేతిలో పరీక్షల అట్ట. వాళ్లకిది రోజువారీ దారి. ఇక్కడ వంతెన కోసం రెండు గట్లవాళ్లూ ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు, వరదొస్తే పంటు ఆపేస్తారు కాబట్టి. వంతెన రావాలనే నేనూ కోరుకుంటున్నాను. వచ్చేలోపు ఒక్కసారి పంటెక్కండి.

నరసాపురం దాటాక పెడన కలంకారీ, మచిలీపట్నం, పులిగడ్డ వారధి మీదుగా కృష్ణ దాటడం, ఇదంతా మంచి రోడ్డు, తొందరగా సాగిపోతుంది. అవనిగడ్డ దగ్గర మాత్రం ఆగండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో పోయినవాళ్లు దాదాపు 10,000 మంది. ఆ తర్వాతే మన తీరం ఊళ్లలో తుపాను షెల్టర్లు లేచాయి. దారిలో స్తంభాల మీద ఎత్తుగా, పాతబడ్డ కాంక్రీటు కట్టడం ఎక్కడ కనబడినా, దాని వెనక ఆ రాత్రి ఉంది.

బాపట్ల, చీరాల తర్వాత వేటపాలెం. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కట్టల మధ్య ఒక పూట గడిపి, చినగంజాం వైపు ఉప్పుమడులు దాటితే మోటుపల్లి. ఇప్పుడది చిన్న పల్లె. ఏడున్నర శతాబ్దాల కిందట కాకతీయుల రేవు. మార్కోపోలో రాతల్లో కనిపించే రేవు ఇదేనని చరిత్రకారులంటారు. 1244లో కాకతి గణపతిదేవుడు ఇక్కడ ఒక శాసనం వేయించాడు. గాలివానకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు దాన్నంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆనవాయితీ మాన్పించాడు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చినవాడికి డబ్బు ప్రాణం కన్నా ఎక్కువ కాబట్టి, సుంకం తప్ప మిగతాది వాడికే వదిలేస్తానన్నాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ ఊరి గుడి ముందు నిలబడి ఈ సంగతి తలుచుకుంటే ఒళ్లు పులకరించింది. దూరం నుంచి దెబ్బతిని వచ్చిన పరాయివాడికి అభయమిచ్చిన రాజు మన భాష మాట్లాడే నేలని ఏలాడు. దారి పక్కన ఇంతటి చోటు ఉండి, హైవే మీద వెళ్లేవాళ్లకి తెలియకుండా పోతోందే అన్న బాధతోనే నేనీ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా పెద్ద రోడ్డే మేలు. సూళ్లూరుపేటలో ఎడమకి తిరిగితే శ్రీహరికోట రోడ్డు. రెండు పక్కలా పులికాట్ సరస్సు, మధ్యలో గట్టు మీద తారు. చలికాలంలో గులాబి రంగు రెక్కల ఫ్లెమింగోలు వేలల్లో దిగుతాయి. దగ్గర్లోనే నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెడతాయి. రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. ఇసుకలోకి కారు దింపకండి, చిన్న చక్రాల బండి తొందరగా కూరుకుపోతుంది. గట్టి నేల అయిపోయేచోటే ఆపి నడవండి. తీరం నుంచి వచ్చిన రోజునే కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు గాలి రేకుని లోపల్నుంచి తినేస్తుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో బయల్దేరేముందే చూడండి. మా ఇంట్లో ఎక్కడికి బయల్దేరినా నాలుగైదు ఏటికొప్పాక లక్కబొమ్మలు సంచీలో పెట్టుకుంటాం, మంచినీళ్లిచ్చిన ఇంట్లో పిల్లలుంటే వాళ్ల చేతిలో పెట్టడానికి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి, వద్దు. సంక్రాంతి వెళ్లాక, మాఘమాసంలో ఎండ ముదరకముందే బయల్దేరితే పక్షులూ ఉంటాయి, రోడ్లూ ఆరి ఉంటాయి. రాత్రిపూట నడపకండి, ఆ దారుల్లో పశువులు, లైట్లు లేని ట్రాక్టర్లు ఎక్కువ. పొద్దు వాలేసరికి ఏదో ఒక ఊరు చేరుకుని బండి ఆపేయండి.